ఉరుము వినిపించాక చెట్టు నీడ వద్దు

ఏప్రిల్ నెల సగం దాటిందంటే అవుకు చుట్టుపక్కల నాపరాళ్ళు మధ్యాహ్నపు ఎండకు పెనంలా కాలుతుంటాయి. గాలి ఆడదు. మూడు, నాలుగు గంటల వేళకు ఎర్రమల కొండల మీదుగా నల్లని మబ్బు లేస్తుంది. ఉన్నట్టుండి చల్లగాలి వీస్తుంది, దుమ్ము రేగుతుంది, దూరాన ఒక మెరుపు మెరుస్తుంది. చేలో వున్నవారు ఒకసారి తలెత్తి చూస్తారు. "ఇంకో రెండు సాళ్ళు అయినాక పోదాంలే అక్కా" అని ఒకరంటారు, సరేనని మరొకరు తల వంచుతారు. చినుకు పడిన తరువాత అందరూ పరుగెత్తేది ఒకచోటికే. గట్టు మీది వేపచెట్టు కిందికో, చింతచెట్టు కిందికో. ఎండకు నీడనిచ్చిన చెట్టు వానకు గొడుగవుతుందని వారి నమ్మకం. పిడుగుపాటు వార్తలు చదివేవారికి తక్కిన కథ తెలిసినదే. చనిపోయిన వారిలో చాలామంది చెట్టు కింద నిలబడినవారే, లేదా చేను విడిచి ఇల్లు చేరకుండా మధ్యదారిలో వున్నవారే.

పిడుగుపాటుకు మనిషి చనిపోవడాన్ని పల్లెల్లో తలరాతగా తీసుకోవడం అలవాటైపోయింది. వరద వస్తే వూరంతా మునుగుతుంది, అధికారులు వస్తారు, లెక్కలు తీస్తారు. పిడుగు ఒక వూళ్ళో ఒకరిని, మరో వూళ్ళో ఇద్దరిని తీసుకుపోతుంది. ఆ రోజుకు రెండు ఇళ్ళలో ఏడుపు, మరునాడు పేపరులో నాలుగు పంక్తులు. విడివిడిగా పోతున్న ఆ ప్రాణాలను కూడితే ఎంతవుతుందో చాలామంది గమనించడం లేదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో పిడుగుపాటుకు 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది చనిపోయారు. 2022లో వరదలు, వడగాడ్పులు, చలి, కొండచరియలు అన్నీ కలిపి ప్రకృతి బలి తీసుకున్నవారు 8,060 మంది కాగా, అందులో మూడోవంతుకు పైగా ఒక్క పిడుగు వాటాయే. బీహారులో 2020 జూన్ 25న ఒక్కరోజే 80 మందికి పైగా పిడుగులకు బలి అయ్యారు. వారిలో ఎక్కువమంది వరి పొలాల్లో పని చేస్తున్నవారు.

మన రాష్ట్రానికి ఇదేమీ దూరపు సంగతి కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్టు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వెల్లడించింది. అంతకుముందు సంవత్సరం మే నెల మొత్తానికి నమోదైనవి 30 వేలకు కొంచెం ఎక్కువ. అంటే నెల పొడుగునా పడవలసినవి ఒక్కరోజులో పడ్డాయన్నమాట. ఆనాడు తొమ్మిది మంది చనిపోయారు. వారిలో తొమ్మిదేళ్ళ బాలిక కూడా వున్నది. వేసవి ఎండకు కాగిన నేల, బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే తేమగాలి కలిసినప్పుడు ఇలాంటి మబ్బులు నిలువుగా పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలలు ఒక గండం. సెప్టెంబరు, అక్టోబరు నెలల వానలు రాయలసీమకు మరో గండం. రెండోది మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఆ రోజుల్లో చేలన్నీ మనుషులతో నిండి వుంటాయి.

అవుకు మండలంలో ఆకాశం కింద బతికేవారు ఎందరో. నల్లరేగడి చేలల్లో కలుపు తీసే, పత్తి ఏరే ఆడకూలీలు, నాపరాతి గనుల్లో గడ్డపారతో బండలు లేపేవారు, శ్రీశైలం కుడిగట్టు కాలువ నీటితో నిండే అవుకు జలాశయంలో వలలు వేసేవారు, వేసవిలో చెరువు పూడిక తీసే ఉపాధి కూలీలు. వీరందరికంటె ఎక్కువ ప్రమాదంలో వున్నది జీవాల కాపరి. అతనికి పగలు లేదు, రాత్రి లేదు. కోత కోసిన చేలో ఎరువు కోసం మంద కట్టి, రాత్రంతా దాని పక్కనే కంబళి కప్పుకొని పడుకుంటాడు. అర్ధరాత్రి ఉరిమితే అతడు పోయేదెక్కడికి? వూరు రెండు మైళ్ళు. నూరు జీవాలను చీకట్లో విడిచిపెట్టి రాలేడు. కంబళి నెత్తిన వేసుకొని, కర్ర చంకలో పెట్టుకొని, చెట్టు మొదట్లో నిలబడతాడు. అటువంటి మనిషికి "ఇంట్లోనే వుండండి" అని సలహా చెప్పి చేతులు దులుపుకోవడం పట్నంలో కూర్చున్నవారికే చెల్లింది.

పిడుగు అంటే ఆకాశం నుంచి పడే రాయి కాదు, నిప్పుముద్ద కాదు. అది కరెంటు. మబ్బు లోపల మంచు ముక్కలు, వడగళ్ళు, నీటిబొట్లు పైకీ కిందికీ కొట్టుకొని రాసుకొనడంతో మబ్బులో కరెంటు పోగవుతుంది. అది కోట్ల వోల్టులకు చేరినప్పుడు గాలిని చీల్చుకొని నేలకు దిగుతుంది. అది దిగే దారిలో గాలి క్షణంలో 30 వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సూర్యుని పైభాగపు వేడికి ఇది అయిదింతలు. అలా వేడెక్కిన గాలి పేలినట్టు విచ్చుకోవడమే ఉరుము. మెరుపు, ఉరుము ఒక్కసారే పుడతాయి. వెలుగు వెంటనే కంటికి చేరుతుంది, శబ్దం కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున నడిచి వస్తుంది.

పిడుగు నెత్తిన పడితేనే మనిషి చస్తాడని అందరి అభిప్రాయం. నిజానికి నేరుగా నెత్తిన పడి చనిపోయేవారు నూటికి అయిదుగురు కూడా వుండరు. ఎక్కువ చావులు నేల గుండా వస్తాయి. చెరువులో రాయి వేస్తే అలలు చుట్టూ పాకినట్టు, పిడుగు చెట్టు మీద పడినప్పుడు ఆ కరెంటు వేరు దగ్గర నేలలోకి దిగి నలుదిక్కులా పాకుతుంది. దగ్గరలో బలం ఎక్కువ, పోను పోను తక్కువ. మనిషి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడితే ఒక కాలి కింద ఒక బలం, రెండో కాలి కింద వేరొక బలం వుంటుంది. ఆ తేడా వల్ల కరెంటు ఒక కాలి గుండా ఎక్కి, రెండో కాలి గుండా దిగుతుంది. నాలుగు కాళ్ళ పశువుకు ముందరి కాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య ఎడం మరీ ఎక్కువ. పైగా ఆ దారిలో గుండెకాయ వుంటుంది. అందుకే ఒక్క పిడుగుకు మందకు మంద కూలిపోతుంది, పక్కనే వున్న కాపరి ఒక్కోసారి బతికి బయటపడతాడు. నార్వే దేశంలో 2016 ఆగస్టులో హార్డాంగర్‌విడ్డా పీఠభూమి మీద 323 అడవి దుప్పులు ఒకేచోట చచ్చిపడి కనిపించాయి. అస్సాంలోని నాగావ్ జిల్లాలో 2021 మే నెలలో కొండ మీద 18 ఏనుగులు చనిపోతే పిడుగే కారణమని తేల్చారు. ఏనుగునే కూల్చిన దానికి గొర్రె ఒక లెక్కా?

చెట్టు సంగతి మరికొంత వున్నది. చెట్టు మీద పడిన పిడుగు చెట్టులోనే పూర్తిగా దిగదు. మాను కంటె మనిషి ఒంట్లో ఉప్పునీరు ఎక్కువ, కరెంటుకు దారి సులువు. కనుక కొంత దూరం మానులో నడిచి, అక్కడినుంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అని పెద్దలు ఎగతాళికి అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఒకే చెట్టు కింద అయిదుగురు ఆనుకొని నిలబడితే అయిదుగురికీ తగులుతుంది. జైపూరు దగ్గర ఆమేర్ కోట ఎదుట 2021 జూలైలో కావలి బురుజు ఎక్కి వాన చూస్తూ ఫోటోలు తీసుకుంటున్న జనం మీద పిడుగు పడినప్పుడు పదిమందికి పైగా చనిపోవడానికి కారణం అదే. ఎత్తయిన చోటు, దాని మీద గుంపు.

మరి చేయవలసినదేమిటి? పిడుక్కీ బిచ్చానికీ ఒకే మంత్రం పనికిరాదు. ఎవరెక్కడ వున్నారో దాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది.

చేలో వున్నవారు మొదటి ఉరుము వినగానే పని ఆపి బయలుదేరాలి. చినుకు కోసం ఎదురుచూడరాదు. వాన ఇంకా పదికిలోమీటర్ల అవతల వుండగానే పిడుగు ఇక్కడ పడిన సందర్భాలు అనేకం. కొడవలి, పార, గడ్డపార భుజాన వేసుకొని నడవరాదు. ఇనుము పిడుగును పిలుస్తుందని కాదు, భుజం మీది గడ్డపార మనిషి ఎత్తును మరో రెండడుగులు పెంచుతుంది, చదునైన చేలో అంతకంటె ఎత్తయినది మరొకటి వుండదు. బోరు దగ్గర స్టార్టరు డబ్బా ముట్టుకోరాదు. మూడు ఫేజుల కరెంటు వచ్చే వేళ ఇదేనని ఉరుముల్లో మోటారు వేయడానికి పరుగెత్తే రైతులు చాలామంది వున్నారు. తీగల మీద ఎక్కడో దూరాన పడిన పిడుగు ఆ తీగల వెంటే డబ్బా దాకా వస్తుంది. ఇనుపతీగల కంచె, నీటిగొట్టాలు కూడా అంతే. తడి మడిలో నిలబడి వుంటే గట్టెక్కాలి.

ట్రాక్టరు మీద వున్నవారు అది పెద్ద ఇనుప బండి గనుక భయం లేదనుకోరాదు. మన ట్రాక్టర్లకు చుట్టూ మూసిన గది లేదు. డ్రైవరు అందరికంటె ఎత్తులో కూర్చొని వుంటాడు. ఆర్టీసీ బస్సు, అద్దాలు వేసిన కారు, లారీ క్యాబిను మంచి ఆశ్రయాలు. చుట్టూ వున్న రేకు కరెంటును పైనుంచే నేలకు దించేస్తుంది. టైర్ల రబ్బరు కాపాడుతుందనేది అపోహ. రబ్బరే కాపాడేదయితే మోటారుసైకిలు మీద పోయేవాడికి ఏమీ కాకూడదు. మైళ్ళ కొద్దీ గాలిని చీల్చుకొని వచ్చినదానికి అరంగుళం రబ్బరు అడ్డమా? కాలి చెప్పులకూ ఇదే జవాబు.

నాపరాతి గనుల్లో పనిచేసేవారికి అక్కడే నిలబడ్డ లారీ మంచి ఆశ్రయం. డ్రైవర్లు ఆ కాసేపు కూలీలను క్యాబినులోకి రానివ్వడానికి సంకోచించకూడదు. నాలుగు గుంజల మీద రేకు వేసిన పందిరి వాననాపుతుందే గాని పిడుగును ఆపదు. గనుల యజమానులు లక్షలు పోసి యంత్రాలు తెస్తున్నారు. నాలుగు గోడలు, తలుపు, పిడుగువాహక కడ్డీ వున్న ఒక పక్కా గది కట్టించడం వారికి భారం కాబోదు. బండలకు ఆ చోట కొదవ కూడా లేదు.

జలాశయంలో వున్న పుట్టి, పడవ వెంటనే ఒడ్డుకు చేరాలి. నీటి మీద మనిషే ఎత్తయిన వస్తువు. ఒడ్డు చేరిన తరువాత కూడా కట్ట మీద నిలబడకుండా కిందికి దిగి పోవాలి. జలాశయం చూడడానికి వచ్చే సందర్శకులకు మబ్బులు కమ్మినప్పుడు ఫోటోల సరదా ఎక్కువ. ఆమేరులో జరిగినది వారికి ఎవరయినా చెప్పాలి.

ఇంట్లో వున్నవారికి ప్రమాదం చాలా తక్కువ. అయితే ఇల్లు ఎలాంటిదన్నది ముఖ్యం. అవుకు, బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతాల్లో బండల గోడలు, బండల కప్పు వున్న ఇళ్ళు ఎక్కువ. చెట్టు కంటె, గడ్డికొట్టం కంటె ఇవి ఎన్నో రెట్లు నయం. గోడకు ఆనుకొని, వాకిట్లో గుమ్మం పట్టుకొని నిలబడకుండా ఇంటి మధ్యలో కూర్చోవాలి. టీవీ, ఫ్రిజ్, మోటారు ప్లగ్గులు మబ్బు లేవగానే తీయాలి, పిడుగులు పడుతుండగా తీయబోవద్దు. సెల్‌ఫోను చేతిలో వుంటే పిడుగు పడుతుందనే మాట నిజం కాదు. ఫోనులో మాట్లాడవచ్చు, కాని ఛార్జరుకు తగిలించి వుంచి మాట్లాడరాదు. కొళాయి కింద స్నానం, గిన్నెలు కడగడం అప్పటికి ఆపాలి. గొడ్లను ఇనుప గొలుసుతో చెట్టుకు కట్టడం మానాలి. కొట్టంలో తాటితో కట్టాలి.

ఏ ఆశ్రయమూ అందని కాపరి ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. మంచి జవాబు లేదు, కొంచెం తక్కువ చెడ్డ జవాబు వుంది. ఒంటరి చెట్టుకు, కరెంటు స్తంభానికి, కంచెకు దూరంగా, గుట్ట మీద కాకుండా పల్లంలో, అయితే నీళ్ళు నిలవని చోట, రెండు పాదాలు దగ్గరగా చేర్చి గొంతుక్కూర్చొని తల వంచి చెవులు మూసుకోవాలి. నేల మీద పడుకోకూడదు. పడుకున్న మనిషి పశువులాగే పాకే కరెంటుకు పొడుగాటి దారి ఇస్తాడు. నలుగురుంటే పది, ఇరవై అడుగుల ఎడంలో విడివిడిగా కూర్చోవాలి. ఒకరికి తగిలితే తక్కినవారు బతికి వుండి అతణ్ణి బతికించుకోవడానికి వీలవుతుంది. ఇది రక్షణ కాదు, ఆఖరి ప్రయత్నం మాత్రమే. అసలు పని ముందురోజే వుంది. వాన సూచన వున్న రోజుల్లో మందను దూరపు చేలో కాకుండా వూరికి దగ్గర చేలో కట్టాలి. చేను ఆసామి కూడా ఆ రెండు రోజులు ఎరువు కోసం పట్టుబట్టరాదు.

ఉరిమినప్పుడు "అర్జునా, ఫల్గుణా" అని అర్జునుని పది పేర్లు చదవడం తెలుగువారికి తరతరాల అలవాటు. చిన్నపిల్లల భయం పోగొట్టడానికి అమ్మమ్మలు నేర్పిన మంచి ఉపాయం అది. దాన్ని మానవలసిన పని లేదు. కొంచెం మార్చుకుంటే చాలు. మెరుపు కనిపించగానే పది పేర్లు నింపాదిగా చదవడం మొదలుపెట్టి, ఉరుము ఎప్పుడు వినిపించిందో చూడాలి. పది పేర్లు ఒకసారి ముగిసేసరికి ఉరుము వస్తే పిడుగు సుమారు మూడు కిలోమీటర్లలో పడిందని అర్థం. మూడుసార్లు చదివేలోగా వినిపిస్తే పదికిలోమీటర్ల లోపల. అంటే తరువాతి పిడుగు మన నెత్తిన పడడానికి చాలినంత దగ్గర. ఆ పేర్లు ఇంట్లోకి నడుస్తూ చదవాలన్నదే ఇందులో కిటుకు. బయటికి రావడానికి కూడా ఒక లెక్క వుంది. ఆఖరి ఉరుము వినిపించిన తరువాత అరగంట ఆగాలి. వాన వెలిసింది కదా అని వెంటనే చేలోకి పోయినవారు, మామిడికాయలు ఏరుకోవడానికి తోటలోకి పరుగెత్తిన పిల్లలు ఆ అరగంటలోనే ప్రమాదానికి చిక్కుతున్నారు.

పిడుగు తగిలినవారు అందరూ చనిపోతారనేది కూడా సరికాదు. వైద్యుల అంచనా ప్రకారం పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. పోయేవారు ఎక్కువగా గుండె ఆగి పోతారు. అలా ఆగిన గుండె వెంటనే ఒత్తితే తిరిగి కొట్టుకునే అవకాశం వుంది. అయినా పల్లెల్లో పడిపోయిన మనిషిని ముట్టుకోవడానికి భయపడుతున్నారు. ఒంట్లో ఇంకా కరెంటు వుంటుందని అనుమానం. పిడుగు కరెంటు రెప్పపాటులో నేలలోకి పోతుంది. మనిషి ఒంట్లో నిలవదు. నిర్భయంగా ముట్టుకోవచ్చు. ఊపిరి ఆడడం లేదని తెలిస్తే వెల్లకిల పడుకోబెట్టి, రొమ్ము మధ్య రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి వుంచి, నిముషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా గట్టిగా ఒత్తుతూ వుండాలి. ఒకరు అలసిపోతే మరొకరు అందుకోవాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. పలువురికి తగిలితే మూలిగేవారిని తరువాత చూడవచ్చు, కదలకుండా పడివున్నవారిని మొదట చూడాలి. మూలుగుతున్నవాడు బతికి వున్నాడు కదా. ఛత్తీస్‌గఢ్ వంటి చోట్ల పిడుగు తగిలినవారిని మెడ దాకా పేడలో పూడ్చిపెట్టి, ఆ కాలయాపనలోనే ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు వున్నాయి. పేడకు, మట్టికి కరెంటును లాగే గుణం లేదు. చెవుడు, చూపు మందగించడం, మతిమరుపు, నరాల నొప్పులు కొందరిలో తరువాత బయటపడతాయి. కనుక లేచి నడిచినవారిని కూడా ఆసుపత్రిలో చూపించాలి.

ఇక ప్రభుత్వ యంత్రాంగం సంగతి. పిడుగుల జాడ పట్టే సాధనాలు ఇప్పుడు వున్నాయి. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' అనే యాప్ ఫోనులో వుంటే 20, 40 కిలోమీటర్ల లోపల పడుతున్న పిడుగులను చూపిస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సహా హెచ్చరికలు ఫోన్లకు పంపుతున్నది. 1070, 112, 1800 425 0101 నంబర్లు అందుబాటులో వున్నాయి. ఇదంతా మెచ్చుకోదగినదే. అయితే ఆ సందేశం చేరవలసినవారికి చేరుతున్నదా అన్నది వేరే ప్రశ్న. కలుపు తీసే కూలీ ఫోను సద్దిమూటలో, గట్టు మీద వుంటుంది. కాపరి ఫోనుకు ఎర్రమల గుట్టల్లో సిగ్నలు వుండదు. ఒకవేళ వచ్చినా, అది చదువు వచ్చినవారికే పనికివస్తుంది. సందేశం హైదరాబాదులోనో అమరావతిలోనో బయలుదేరి ఆసామి జేబు దాకా వచ్చి, అక్కడినుంచి గట్టు దాటడం లేదు.

ఈ చివరి గట్టు దాటించడానికి కొత్త యంత్రాలు అక్కరలేదు. ప్రతి వూళ్ళో గుడికి మైకు వుంది, మసీదుకు మైకు వుంది, చర్చికి మైకు వుంది. పంచాయతీ సిబ్బందిలో ఒకరికి బాధ్యత అప్పగించి, హెచ్చరిక అందగానే మూడు మైకుల్లోనూ "పిడుగుల వాన వస్తున్నది, చేలు విడవండి" అని రెండుసార్లు చెప్పిస్తే రెండు మైళ్ళ దాకా వినిపిస్తుంది. పూర్వం చాటింపు వేసేవారు. ఇది దానికి కొత్త రూపం. అదే విధంగా, కూలీలను తీసుకుపోయే మేస్త్రీ, ఆసామి మాట కూడా ముఖ్యం. మధ్యాహ్నం ఉరిమి పని ఆగితే సగం కూలి కోస్తామంటే ఏ కూలీ చేను విడవదు. ఇంట్లో ఎదురుచూసే పిల్లలను తలచుకొని ఆ రెండు సాళ్ళు పూర్తి చేసే పోతుంది. పిడుగుల వేళ ఆగిన గంటకు కూలి కోయరాదన్న కట్టుబాటు ప్రతి వూళ్ళో పెద్దలు కూర్చొని చేసుకోవలసినది. దీనికి జి.వో. అక్కరలేదు.

బడులు, ఆసుపత్రి, మండల కార్యాలయం, ఎత్తయిన గోపురాలు వున్న దేవాలయాలకు పిడుగువాహక కడ్డీలు వుండాలి. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మబ్బులోని మెరుపు కరెంటేనని చాటిన నాటినుంచి లోకానికి తెలిసిన సాధనమిది. పైన కోసుగా వుండే కడ్డీ, దాన్నుంచి కిందికి దిగే రాగి పట్టీ, నేలలో ఎర్త్ గుంత. కడ్డీ వుండగానే సరికాదు. మధ్యలో రాగి పట్టీ దొంగలపాలయితే, ఎర్త్ గుంత ఎండిపోతే ఆ కడ్డీ లేకపోవడమే మేలు, కరెంటు దారి తప్పి గోడలోకి దిగుతుంది. ఏటా వేసవికి ముందు చూడాలి. ఒక్క కడ్డీ వూరంతటినీ కాపాడుతుందనుకోవడమూ పొరపాటే. అది తానున్న కట్టడాన్ని, దాని పక్కనే కొద్దిమేరను మాత్రమే కాపాడుతుంది.

తాటిచెట్లు నాటితే పిడుగులు వాటి మీద పడి మనుషులు బతుకుతారనే ఆలోచన ఒకటి ప్రచారంలో వుంది. ఒడిశా ప్రభుత్వం 2024లో 19 లక్షల తాటిచెట్లు నాటాలని తలపెట్టింది. అంతకుముందే బంగ్లాదేశ్ ఈ దారి తొక్కింది. అక్కడ 2016 మే నెలలో రెండు రోజుల్లో 80 మందికి పైగా చనిపోవడంతో పిడుగుపాటును ప్రకృతి విపత్తుగా ప్రకటించి, లక్షల సంఖ్యలో తాటిచెట్లు నాటే పని మొదలుపెట్టారు. చెట్లు చేలల్లో కాక రోడ్ల వెంట నాటారు, తరువాత నీళ్ళు పోసే దిక్కులేక చాలా భాగం ఎండిపోయాయి. తాటిచెట్టు ఎదగడానికి ఇరవై ఏళ్ళు కావాలి. చేలల్లో తలుపున్న పక్కా గది కట్టడానికి ఇరవై రోజులు చాలు. అమెరికాలో 1940 ప్రాంతాల్లో ఏటా మూడువందల మందికి పైగా పిడుగుకు చనిపోయేవారు. ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య ఇరవై దగ్గరకు వచ్చింది. అక్కడ పిడుగులు తగ్గలేదు. పొలాల్లో పనిచేసేవారు తగ్గారు, పక్కా కట్టడాలు, మూసిన వాహనాలు పెరిగాయి, హెచ్చరికలు, వైద్యం మెరుగయ్యాయి.

చివరగా పరిహారం. కేంద్రం ప్రకటించిన విపత్తుల జాబితాలో తుపాను, వరద, భూకంపం, వడగళ్ళవాన వంటివి వున్నాయి గాని పిడుగు లేదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పదోవంతు మేరకు స్థానిక విపత్తులకు వాడుకొనే వెసులుబాటు వుండగా, ఆంధ్రప్రదేశ్ పిడుగుపాటును ఆ విధంగా చేర్చింది. చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు వస్తాయి. రావాలంటే పోలీసులకు ఫిర్యాదు, పంచనామా, శవపరీక్ష నివేదిక, తహసీల్దారు ధ్రువీకరణ కావాలి. దుఃఖంలో వున్న కుటుంబానికి కాగితాల మాట చెప్పడం కఠినమే. అయినా ఎవరో ఒకరు ఆ పూటే చెప్పి తీరాలి. శవాన్ని కోయిస్తామా అని, పొద్దుగూకక ముందే పూడ్చిపెట్టిన ఇళ్ళలో తరువాత నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగినా ఫలితం వుండదు.

పశువుల విషయంలోనూ ఇదే పద్ధతి. చచ్చిన జీవాలను పశువైద్యుడు చూసి, పరీక్షించి రాసి ఇవ్వనిదే లెక్కలోకి రాదు. కేంద్రం 2022 - 2026 కాలానికి నిర్ణయించిన నిబంధనల్లో పాడిగేదెకు, ఆవుకు 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32,000, గొర్రెకు, మేకకు 4,000 అని వుంది. దానికి ఒక పరిమితి కూడా వుంది. ఒక కుటుంబానికి పాడిపశువులయితే మూడు, గొర్రెలు, మేకలయితే ముప్పయి వరకే. వరదలో కొట్టుకుపోయే జీవాలను తలచుకొని ఈ లెక్క వేశారేమో గాని, చెట్టు కింద గుమిగూడిన మంద మీద పిడుగు పడితే ముప్పయితో ఆగదు. అరవై జీవాలు పోయిన కాపరికి సగం మందకే లెక్క కడతారు. పశువుల బీమా చేయించినవారు కొంత తేరుకుంటారు. కాని వూరూరా తిరిగే కాపరి చెవికి పోగు వేయించి, కంతు కట్టి, గడువు దాటకుండా చూసుకోవడం అరుదు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో గొర్రెల పెంపకందారుల సంఘాలు వున్నాయి. పశుసంవర్ధక శాఖ సిబ్బంది వేసవి టీకాలు వేయడానికి మందల దగ్గరకు ఎటూ పోతున్నారు. ఆ టీకాల రోజునే చెవిపోగులు వేసి, బీమా కాగితాలు అక్కడే రాయించే ఏర్పాటు జరిగితే, కాపరి మందను విడిచి కార్యాలయానికి రావలసిన పని తప్పుతుంది.